96 మంది ముందే కట్టిన డబ్బు: చిన్న కీబోర్డ్ కంపెనీ నడిపిన నా అనుభవం

ప్రతి కీ కిందా విడిగా ఒక స్విచ్ ఉండే మెకానికల్ కీబోర్డులు సొంతంగా బిగించుకునే కొద్దిమందిలో నేనూ ఒకణ్ణి. 2020 చివర్లో నేనూ నా స్నేహితుడూ కలిసి ఒక చిన్న కంపెనీ పెట్టాం. కాగితాల మీద కంపెనీయే కానీ, లోపల చూస్తే ఇద్దరు మనుషులు, ఒక గది, ఒక సోల్డరింగ్ ఐరన్, పగలు చేసుకునే ఉద్యోగాలు. ఒక్కటంటే ఒక్క కీబోర్డ్ కిట్ డిజైన్ చేసి, 96 మంది దగ్గర ముందే డబ్బు కట్టించుకుని, ఫ్యాక్టరీలో చేయించి పంపించాం. ఏడు నెలల్లో ఇస్తామని చెప్పాం, పదిహేడు నెలలు పట్టింది. ఇప్పుడు వేరే హాబీల వాళ్లు కూడా, ఒకరు ఫౌంటెన్ పెన్నుల వాళ్లు, ఒకరు మోడల్ రైళ్ల వాళ్లు, "మేమూ చిన్నగా మొదలుపెడదామనుకుంటున్నాం, ఎలా ఉంటుంది" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా జరిగింది జరిగినట్టు ఒకచోట రాసేద్దామని కూర్చున్నాను.

అసలు కీబోర్డ్ తయారీ ఇద్దరు మనుషులు చేయగలిగే పని ఎలా అయిందో ముందు చెప్పాలి. 1980ల్లో చెర్రీ కంపెనీ తెచ్చిన ఎంఎక్స్ స్విచ్‌కి పైన ప్లస్ గుర్తులాంటి కాడ ఉంటుంది, వేలితో నొక్కే మూత, అంటే కీక్యాప్, దాని మీద కూర్చుంటుంది. పేటెంట్ల గడువు తీరిపోయాక గేటరాన్, కైల్ లాంటి కంపెనీలు అవే కొలతలతో స్విచ్‌లు చేయడం మొదలుపెట్టాయి. స్విచ్‌లు బిగించే ప్లేట్‌లో రంధ్రం 14 మిల్లీమీటర్ల చదరం, ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకి 19.05 మిల్లీమీటర్లు, ప్లేట్ మందం 1.5 మిల్లీమీటర్లు. ఈ కొలతలు ఎవరి సొత్తూ కాదు, అందరూ వాడుకోవచ్చు. కీబోర్డ్ లోపల నడిచే ప్రోగ్రామ్, క్యూఎంకే అనే ఫర్మ్‌వేర్ కూడా ఓపెన్ సోర్స్, జీపీఎల్ లైసెన్స్ ప్రకారం మనం చేసిన మార్పుల సోర్స్ కోడ్ మనమూ ఇస్తే చాలు. అంటే స్విచ్‌లు, కీక్యాప్‌లు, ప్రోగ్రామ్ అన్నీ బయట దొరుకుతాయి, మనం చేయాల్సింది అల్యూమినియం కేస్, ప్లేట్, పీసీబీ (సర్క్యూట్ బోర్డు), అంతే. "అంతే" అనుకున్నాం మేమూ.

2021 ఫిబ్రవరిలో బొమ్మలు పెట్టి ఇంట్రెస్ట్ చెక్ నడిపాం. ఈ హాబీలో పద్ధతి ఇది: తయారు చేయకముందే డిజైన్ చూపించి "ఇది వస్తే కొంటారా" అని ఒక ఫారం ఇస్తారు. 412 మంది కొంటామన్నారు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు, సంతోషంతోనే. తీరా సెప్టెంబర్‌లో గ్రూప్ బై, అంటే అందరి దగ్గరా ముందే డబ్బు తీసుకుని కలిపి చేయించే పద్ధతి, తెరిచి నెల రోజులు ఉంచితే డబ్బు కట్టింది 96 మంది. అందులోనూ ముప్పై మందికి పైగా ఆ ఫారం నింపినవాళ్లు కానే కాదు. ఆ 412 మంది అబద్ధం చెప్పారని నేననుకోవడం లేదు. ఆరోజు వాళ్లకు నిజంగానే నచ్చింది. కానీ ఇంత చిన్న హాబీలో ప్రతి కొత్త డిజైన్‌నీ చూసి బాగుందనేది ఆ కొన్ని వందల మందే. ఫిబ్రవరికీ సెప్టెంబర్‌కీ మధ్య వాళ్ల ముందుకు ఇంకో పాతిక డిజైన్లు వచ్చాయి, జేబు మాత్రం ఒక్కటే. మేం 250 వస్తాయని లెక్కేసుకుని ధర పెట్టాం. ఆ పొరపాటు చివరిదాకా మా వెంటే వచ్చింది.

ధర గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎవరైనా నన్ను ఒకే ఒక్క విషయం అడగాలంటే ఇదే అడగమంటాను. మేం కేస్ ఖర్చు, ప్లేట్ ఖర్చు, పీసీబీ ఖర్చు, డబ్బా ఖర్చు కూడి, మీద కొంత కలిపి ధర అనుకున్నాం. మూడుసార్లు చేయించిన శాంపిళ్ల ఖర్చు అందులో వేయలేదు. కార్డు మీద కట్టిన ప్రతి చెల్లింపులో పేమెంట్ కంపెనీ కోసుకునేది వేయలేదు. పాడైనవాటికి బదులు ఇవ్వడానికి అదనంగా చేయించాల్సినవి వేయలేదు. 96 ఆర్డర్లకు 105 సెట్లు చేయించాం, ఆ తొమ్మిదింటి డబ్బు ఎవరి దగ్గర నుంచీ రాదు కదా. ఇంకోటి, మేం డబ్బు తీసుకున్నది మా కరెన్సీలో, ఫ్యాక్టరీకి కట్టాల్సింది డాలర్లలో, అదీ సగం ముందు, సగం సరుకు తయారయ్యాక. 2022లో డాలర్ దాదాపు ప్రతి కరెన్సీ మీదా బలపడింది. రెండో సగం కట్టేనాటికి మేం వేసుకున్న లాభంలో మంచి భాగం ఆ తేడాలోనే కరిగిపోయింది. గ్రూప్ బై మూసిన వారంలోనే డాలర్లు కొని పక్కన పెట్టుకుని ఉంటే సరిపోయేది. ఆ ఆలోచన మాకు రాలేదు, చెప్పేవాళ్లూ లేరు.

ఇక రకాల గొడవ. అందరూ మనకు తెలిసినవాళ్లే, రోజూ చాట్‌లో మాట్లాడుకునేవాళ్లే, ఎవరు ఏది అడిగినా కాదనడానికి నోరు రాదు. మూడు రంగులన్నారు, సరే. స్విచ్‌లు ఊడదీసి మార్చుకునే హాట్ స్వాప్ పీసీబీ కావాలన్నారు కొందరు. అందులో సాకెట్ ఒకసారి కూర్చున్నచోటే ఉంటుంది కాబట్టి అన్ని లేఅవుట్లూ (కీల అమరికలు) కుదరవు. ఎంటర్ కీ పెద్దదిగా ఉండే ఐసో లేఅవుట్ వాళ్లూ, బ్యాక్‌స్పేస్‌ని రెండుగా విడగొట్టుకునేవాళ్లూ స్విచ్‌ల్ని సోల్డర్‌తో అతికించుకునే పీసీబీ కావాలన్నారు, సరే. ప్లేట్ అల్యూమినియంది, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌ది, పీసీబీలు చేసే ఫైబర్‌గ్లాస్ రకం ఎఫ్ఆర్4ది, మూడూ సరే అన్నాం. మూడు రంగులు, రెండు పీసీబీలు, మూడు ప్లేట్లు కలిపితే 18 రకాల కిట్లు. కొన్నది 96 మంది. కొన్ని రకాల్లో ఒక్కొక్కటే ఆర్డర్ ఉంది! రంగుల్లో నలుపు 51, బూడిద 33, ముదురాకుపచ్చ 12 వచ్చాయి. అల్యూమినియంకి రంగు పట్టించే పని, అంటే యానోడైజింగ్, చేసేవాళ్లు ఒక్కో రంగుకి కనీసం 25 ఉండాలన్నారు. అది వాళ్ల మొండితనం కాదు, రంగు తొట్టి సిద్ధం చేయడానికి 12కైనా 25కైనా అదే శ్రమ. ఆకుపచ్చ అడిగిన 12 మందికి క్షమించమని చెప్పి, వేరే రంగు తీసుకుంటారా లేక డబ్బు వెనక్కిస్తామా అని అడగాల్సింది. ఆ 12 మందిలో మొదటి రోజు నుంచీ మాకు అండగా ఉన్నవాళ్లు నలుగురున్నారు. వాళ్ల మొహం చూసి 25కి అయ్యే ఖర్చు పెట్టేశాం. ఆ ఒక్క రంగు మీద మేం ప్రతి కిట్‌కీ నష్టపోయాం.

ఇంత చెప్పాక ఆ తెలిసినవాళ్ల వల్ల జరిగిన మేలు కూడా చెప్పకపోతే తప్పవుతుంది. గ్రూప్ బైకి ముందు ఐదు శాంపిల్ పీసీబీలు ఐదుగురికి ఇచ్చాం. మా ఇద్దరి దగ్గరా అన్నీ బాగానే పనిచేశాయి. వాళ్లలో ఒకతను రెండో రోజే "అన్నా, నా ల్యాప్‌టాప్‌లో కీబోర్డ్ అసలు లేవట్లేదు" అని మెసేజ్ పెట్టాడు. కేబుల్ మార్చమన్నాం, ఇంకో కంప్యూటర్‌లో చూడమన్నాం. చివరికి అతనే పట్టుకున్నాడు. యూఎస్‌బీ సీ పోర్టులో సీసీ1, సీసీ2 అని రెండు పిన్నులుంటాయి. ఒక్కోదానికీ 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి గ్రౌండ్‌కి కలపాలి, అప్పుడే అవతలి సీ పోర్టు ఇక్కడ ఏదో తగిలించారని గుర్తుపట్టి కరెంటు ఇస్తుంది. మేం ఆ రెండూ పెట్టడం మర్చిపోయాం. మా ఇద్దరి కేబుళ్లూ ఒక చివర పాత 'టైప్ ఏ' పోర్టువి, వాటితో అయితే రెసిస్టర్లు లేకపోయినా పనిచేస్తుంది, అందుకే మాకు కనపడలేదు. రెండు చిన్న రెసిస్టర్లు, ఒక్కోటి ఆవగింజంత కూడా ఉండదు. అవి లేకుండా 105 బోర్డులు చేయించి ఉంటే మా కథ అక్కడే ముగిసేది. ఏ పెద్ద కంపెనీ అయినా ఇలాంటి పరీక్షకు జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటుంది. మాకు అతను ఇష్టంతో చేసిపెట్టాడు.

గ్రూప్ బై మూసేశాక డబ్బు మా ఖాతాలోకి వచ్చింది. అంత మొత్తం మేమిద్దరం ఎప్పుడూ చూడలేదు. ఆరోజే నా స్నేహితుడు విడిగా ఇంకో బ్యాంకు ఖాతా తెరిచి వచ్చినదంతా అందులోకి మార్చాడు. గోడకి ఒక కాగితం అంటించి పైన "అప్పు" అని రాసి, కింద 96 వరుసలు గీశాడు. ఒక్కో కిట్ చేరినప్పుడు ఒక్కో వరుస కొట్టేయాలి, అదీ నియమం. నాకు అది కొంచెం అతిగా అనిపించింది. మనం వ్యాపారం చేశాం, వాళ్లు కొన్నారు, ఇందులో అప్పేంటి అన్నాను. "ఒరేయ్, వాళ్ల చేతికి ఇంకా ఏమీ ఇవ్వలేదురా మనం" అన్నాడు. ఆ మాట విలువ తర్వాతి వేసవిలో తెలిసింది. లెక్కలు చూసే ఆయన కూడా అదే చెప్పారు. ఈ డబ్బుని ఈ ఏడాది అమ్మకంగా చూపించకండి, సరుకు పంపేదాకా ఇది అడ్వాన్సే అన్నారు. డబ్బు ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చి ఖర్చు తర్వాతి ఏడాదిలో పడితే, రాని లాభం మీద పన్ను కట్టాల్సి వస్తుందట.

మేం మొదట డిజైన్ చేసిన పీసీబీలో వాడింది ఏటీమెగా32యూ4 అనే చిప్. అప్పట్లో చేత్తో చేసే కీబోర్డుల్లో ఎక్కువ భాగం దాని మీదే నడిచేవి. 2021లో ప్రపంచమంతా చిప్‌ల కొరత. మేం ఆర్డర్ పెట్టడానికి వెళ్లేసరికి ఏడాది ఆగాలన్నారు, చేతిలో ఉన్నవాళ్లు మామూలు ధరకి ఎన్నో రెట్లు చెప్పారు. కార్ల కంపెనీలకే చిప్‌లు దొరకని రోజులవి, 105 చిప్‌లు కావాలన్నవాణ్ణి ఎవరు పట్టించుకుంటారు? ఎక్కడెక్కడో వెతికి ముప్పై తెప్పిస్తే అందులో సగం పనిచేయలేదు, వాడినవి ఊడదీసి శుభ్రం చేసి అమ్మినవి అయ్యుండాలి. చివరికి డిజైన్ మార్చేద్దాం అనుకున్నాం. చిన్న కంప్యూటర్ బోర్డులు చేసే రాస్‌బెర్రీ పై వాళ్లు 2021లో ఆర్‌పీ2040 అనే చిప్ తెచ్చారు, అది మాత్రం చవగ్గా, కావలసినన్ని దొరుకుతోంది. కానీ క్యూఎంకేలో దానికి సపోర్ట్ వచ్చింది 2022లో. అప్పటిదాకా ఆగి, పీసీబీ అంతా మళ్లీ గీశాం. ఆ చిప్‌కి ప్రోగ్రామ్ దాచుకునే ఫ్లాష్ లోపల ఉండదు, బయట ఇంకో చిప్ పెట్టాలి, అది 3.3 వోల్టుల మీద నడుస్తుంది కాబట్టి దానికి వోల్టేజీ తగ్గించే రెగ్యులేటర్ ఒకటి కావాలి. కేస్‌కి అప్పటికే పోర్టు రంధ్రం పడిపోయింది, అందుకే యూఎస్‌బీ పోర్టు ఉన్నచోటు నుంచి వెంట్రుకవాసి కూడా కదలకుండా మిగతాదంతా దాని చుట్టూ సర్దాం. నా సాయంత్రాలన్నీ నాలుగు నెలలపాటు దానికే పోయాయి.

కేసుల సంగతి ఇంకా దారుణం. యానోడైజింగ్ అంటే అల్యూమినియం ముక్కని యాసిడ్ తొట్టిలో ముంచి కరెంటు పంపిస్తారు. పైన గట్టి పొర ఏర్పడుతుంది, ఆ పొర రంగుని పీల్చుకుంటుంది. కరెంటు పోవాలంటే ముక్కని ఎక్కడో ఒకచోట లోహపు కొక్కెంతో పట్టుకోవాలి, పట్టుకున్నచోట పొర రాదు, చిన్న మచ్చ మిగులుతుంది. అనుభవం ఉన్నవాళ్లు డ్రాయింగ్‌లోనే రాస్తారు, ఇదిగో ఇక్కడ లోపలి వైపు పట్టుకోండి, బయటికి కనపడకూడదు అని. మాకు తెలియదు, రాయలేదు. పెట్టెలు తెరిచి చూస్తే 38 కేసుల పై భాగాలకి వెనక అంచున, అందరికీ కనిపించేచోట, రెండేసి తెల్లటి చుక్కలు. ఫ్యాక్టరీని ఏమనాలి? డ్రాయింగ్‌లో లేదన్నారు, నిజమే లేదు. చాలా బతిమాలితే మళ్లీ చేసే ఖర్చులో సగం భరిస్తామన్నారు. అది వాళ్ల మంచితనమే.

మళ్లీ చేయడం అంటే పైన రంగు పూసినంత తేలిక కాదు. పాత పొరని రసాయనంలో కరిగించాలి, దాంతోపాటు కొంత లోహమూ కరుగుతుంది. పదునైన అంచులు మొద్దుబారతాయి, స్క్రూ మరలు వదులవుతాయి. పైగా రెండు విడతల్లో వేసిన రంగు ఒకేలా రాదు, పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. అందుకని మచ్చ లేని కింది భాగాలకి కూడా వాటి జతతో పాటు పాత పొర తీసేసి, రెండూ ఒకే తొట్టిలో మళ్లీ వేయించాల్సి వచ్చింది. ఆ 38లో ఆరు పూర్తిగా పనికిరాకుండా పోయాయి. అదనంగా చేయించిన తొమ్మిదీ అప్పుడు అక్కరకొచ్చాయి, లేకపోతే ఆరుగురికి ఏం చెప్పేవాళ్లమో.

ఇదంతా 2022 వేసవి. మేం చెప్పిన గడువు దాటిపోయింది. అదే సమయంలో బయట పరిస్థితి కూడా మారిపోయింది. 2020లో ఇళ్ల నుంచి పనిచేసే రోజుల్లో ఈ హాబీలోకి చాలామంది కొత్తవాళ్లు వచ్చారు, ఆఫీసులు తెరిచాక వాళ్లలో ఎక్కువమంది కనపడకుండా పోయారు. 2021లో కీక్రాన్ కంపెనీ నుంచి క్యూ1 అనే కీబోర్డ్ వచ్చింది. అల్యూమినియం కేస్, ప్లేట్‌ని మెత్తటి పట్టీల మీద కూర్చోబెట్టే గాస్కెట్ మౌంట్, హాట్ స్వాప్, అన్నీ ఉన్నాయి, నెలల తరబడి ఎదురుచూడకుండా కొనుక్కోవచ్చు, ధర మా కిట్ కన్నా తక్కువ. మేం రెండేళ్ల క్రితం ప్రత్యేకం అనుకున్నవి మామూలైపోయాయి. నేనైనా అదే కొనేవాణ్ణి, చూసి ముచ్చటపడ్డాను కూడా. కానీ మా గోడ మీద 96 వరుసలు అలాగే ఉన్నాయి.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. రెండో డిజైన్ సగం తయారుగా ఉంది. దానికి గ్రూప్ బై తెరిచేద్దాం, వచ్చిన డబ్బుతో మళ్లీ యానోడైజింగ్‌కీ కొత్త పీసీబీలకీ కట్టేద్దాం, రెండోది అందించేలోపు మూడోది ఏదో ఒకటి వస్తుంది అన్నాను. అప్పుడు అది నాకు చాలా సహజంగా, తెలివిగా కూడా అనిపించింది. నా స్నేహితుడు ఏమీ అనకుండా ఒక కాగితం తీసుకుని లెక్క వేశాడు. రెండో దానికి అరవై మంది వస్తే మొదటి దాని లోటు పూడుతుంది, కానీ రెండో దాన్ని చేయించడానికి డబ్బు ఉండదు, దానికి మూడో దాంట్లో తొంభై మంది రావాలి. హాబీ పెరుగుతున్నప్పుడు ఆ తొంభై మంది వస్తారేమో. ఇప్పుడు తగ్గుతోంది. "వీళ్ల బాకీ తీర్చడానికి కొత్తవాళ్ల దగ్గర బాకీ పడదామంటావా" అని అడిగాడు. ఆ సాయంత్రం మేమిద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాం. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడోరోజు నేనే వెళ్లాను, ఇద్దరం మా సొంత దాచుకున్న డబ్బు తలా కొంత కంపెనీకి అప్పుగా ఇచ్చాం. అతను ఆరోజు నా మాట విని ఉంటే ఏమయ్యేదో రెండు నెలల్లోనే కళ్లారా చూశాను.

మాకన్నా చాలా పెద్ద అమ్మకందారు ఒకరు, సరిగ్గా ఆ పనే చేసుకుంటూ వచ్చి, ఒకరోజు చేతులెత్తేశారు. వందల మంది డబ్బు పోయింది. మా దగ్గర కట్టినవాళ్లలో కూడా అక్కడ కట్టినవాళ్లున్నారు. ఆ వారంలో మాకు పదకొండు రిఫండ్ అభ్యర్థనలు వచ్చాయి. వాళ్లని తప్పుపట్టలేను, ఒకచోట కాలినవాళ్లు ఇంకోచోట చెయ్యి వెనక్కి తీసుకోకుండా ఎలా ఉంటారు? ఒకాయన వయసులో పెద్దాయన, "బాబూ, నీ మీద నమ్మకం లేక కాదు, ఇంట్లో ఆసుపత్రి ఖర్చులున్నాయి" అని చాలా మొహమాటపడుతూ రాశారు. పదకొండు మందికీ అడిగిన రెండు రోజుల్లో వెనక్కి ఇచ్చేశాం. ఆ డబ్బు వేరే ఖాతాలో, వేరే దేనికీ ముట్టకుండా ఉంది కాబట్టే ఇవ్వగలిగాం.

కార్డు చెల్లింపుల కంపెనీ మాత్రం ఆ గొడవ చూసి మా లాంటివాళ్లందరి మీదా అనుమానంతో, తన దగ్గర ఇంకా ఉన్న మా డబ్బులో కొంత భాగం ఆరు నెలలపాటు ఆపేసింది. కారణం అడిగితే ముందుగా డబ్బు తీసుకుని ఆలస్యంగా సరుకు ఇచ్చే వ్యాపారం అన్నారు. మాట నిజమే, కానీ మొదట్లో ఖాతా తెరిచేటప్పుడు ఇదే వ్యాపారం అని రాసిచ్చాం కదా. ఫ్యాక్టరీకి కట్టాల్సిన సమయానికి ఆ డబ్బు లేక పడిన టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ఇన్ని జరుగుతున్నా మిగతా 85 మంది ఆగారు. ఎందుకు ఆగారని తర్వాత కొందర్ని అడిగాను. దాదాపు అందరూ ఒకటే చెప్పారు, మీరు రెండు వారాలకోసారి రాశారు కదా అని. మొదట్లో నాకు రాయబుద్ధి అయ్యేది కాదు. చెప్పడానికి ఏమీ లేనప్పుడు, లేదా చెడ్డ కబురు ఉన్నప్పుడు, వచ్చే వారం ఏదైనా మంచి జరిగాక రాద్దాంలే అనిపిస్తుంది. అలా ఒకసారి ఐదు వారాలు ముఖం చాటేశాను, ఆ ఐదు వారాల్లో చాట్ చూస్తే కడుపులో తిప్పేది, మనుషులు తమకు తోచిన కథలు అల్లుకున్నారు. తర్వాత నుంచీ ఏమీ లేకపోయినా "ఈ రెండు వారాల్లో ఏమీ కదలలేదు, ఫ్యాక్టరీ జవాబు కోసం చూస్తున్నాం" అని రెండు లైన్లైనా రాశాం. యానోడైజింగ్ మచ్చలు బయటపడినప్పుడు ఫోటోలు తీసి, ఏ తప్పు ఎవరిదో, అంటే మాదే అని, అలాగే పెట్టాం. తిట్లు వస్తాయనుకున్నాం. కొన్ని వచ్చాయి. కానీ యానోడైజింగ్ పనిలో ఉన్న ఒకతను అది చూసి, కొక్కెం ఎక్కడ పట్టాలో మా డ్రాయింగ్ మీద ఎర్ర గీతలు గీసి పంపాడు. రెండోసారి సరిగ్గా వచ్చిందంటే ఆ గీతల వల్లే.

2022 డిసెంబర్‌కి అన్నీ మా గదికి చేరాయి. ఒక్కో కిట్‌ని ఇద్దరం చేత్తో చూశాం, ప్రతి పీసీబీని కంప్యూటర్‌కి తగిలించి ప్రతి కీ పాయింట్‌నీ పట్టుకారుతో తాకించి పరీక్షించాం. 18 రకాల కిట్లలో ఎవరికి ఏది వెళ్లాలో సరిచూసుకోవడానికే మూడు శనివారాలు పట్టింది. అప్పుడు రవాణా దెబ్బ కొట్టింది. కిట్ బరువు డబ్బాతో కలిపి 2.1 కిలోలు, మేం దాని మీదే రవాణా ఛార్జీ వసూలు చేశాం. కొరియర్ వాళ్లు మాత్రం డబ్బా కొలతల్ని సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, అసలు బరువు, ఇది, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. కేస్‌కి సొట్ట పడకుండా మెత్తటి ఫోమ్ పెట్టడానికి మేం తీసుకున్న డబ్బా 46, 24, 14 సెంటీమీటర్లు. లెక్కేస్తే దాదాపు 3.1 కిలోలు. ప్రతి డబ్బా మీదా ఒక కిలో తేడా, 85 డబ్బాలు, ఖర్చు తడిసి మోపెడైంది. డబ్బా ఎత్తు నాలుగు సెంటీమీటర్లు తగ్గించుకుని ఉంటే చాలు, ఆ తేడా దాదాపు ఉండేదే కాదు. కస్టమ్స్‌లో రెండు డబ్బాలు ఆగాయి, ఒకటి నెల తర్వాత వెళ్లింది, ఇంకోటి తిరిగి మా దగ్గరికే వచ్చి మళ్లీ వెళ్లింది.

2023 ఫిబ్రవరిలో గోడ మీద ఆఖరి వరుస కొట్టేశాం. రిఫండ్ తీసుకున్న పదకొండు కిట్లలో ఎనిమిది వెంటనే అమ్ముడయ్యాయి, మూడు వేసవి దాకా ఉన్నాయి. మా సొంత డబ్బు మాకు వెనక్కి వచ్చింది. దాని మీద మిగిలింది ఇద్దరికీ పంచితే ఒక నెల జీతం కూడా కాదు, రెండేళ్ల పైచిలుకు పనికి. ఆ సంగతి దాచి "విజయవంతంగా పూర్తి చేశాం" అని రాసుకోవడం నాకు ఇష్టం లేదు, ఇది చూసి ఎవరైనా ఉద్యోగం మానేసి దిగితే ఆ పాపం నాకొద్దు. అలాగని బాధపడుతున్నానా అంటే అదీ లేదు. మొదటి కిట్లు చేరిన వారంలో మనుషులు బిగించుకుని ఫోటోలు, టైపింగ్ శబ్దాలు రికార్డు చేసి పంపుతుంటే నేను ఆఫీసులో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఒక్కోటీ విన్నాను. పాలీకార్బొనేట్ ప్లేట్‌తో ఒక శబ్దం, అల్యూమినియంతో ఒక శబ్దం. ఏది మా బోర్డో ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్పగలను.

కంపెనీ ఇంకా నడుస్తోంది. ఉద్యోగాలు మానలేదు. ముందుగా డబ్బు తీసుకోవడం పూర్తిగా ఆపేశాం. వేరే కీబోర్డులకి సరిపోయే ప్లేట్లు చిన్న చిన్న మొత్తాల్లో చేయించి, సరుకు చేతికొచ్చాకే అమ్ముతున్నాం. వాటితో వచ్చిన డబ్బు పోగేసి రెండో కిట్ మొదలుపెట్టాం. 50 మాత్రమే, పాత ఫ్యాక్టరీయే మమ్మల్ని ఎరిగినవాళ్లు కాబట్టి అంత తక్కువకీ ఒప్పుకుంది. ఒకే రంగు, ఒకే పీసీబీ, ఒకే ప్లేట్. ఐసో లేఅవుట్ లేదా అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. లేదని చెప్పడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది, చెబుతున్నాను.

మొదటి విడతలో అదనంగా చేయించిన పీసీబీలు తొమ్మిదిలో ఇంకా నాలుగు ఉన్నాయి. కొనుక్కుంటామని చాలామంది అడిగారు. పోయిన నెల ఆ 96 మందిలో ఒకరు కీబోర్డ్ మీద నీళ్లు ఒలికాయని రాస్తే ఐదోది పంపించాం. మిగిలిన నాలుగూ వాళ్ల కోసమే, డ్రాయర్‌లో ఉన్నాయి.